వాల్యూమ్ పెంచే పని పెట్టని ఇయర్‌ఫోన్

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో చదువుకునే పిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్ ఎంతసేపు ఉంటుందో ఒక్క రోజు గమనించండి. పొద్దున కోచింగ్ సెంటర్‌కు నడుస్తూ కరెంట్ అఫైర్స్. మధ్యాహ్నం హాస్టల్ మంచం మీద రికార్డెడ్ క్లాసు. సాయంత్రం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పక్కవాళ్ల గుసగుసలు వినపడకుండా ఏదో ఒక పాట. రాత్రి మళ్లీ పాలిటీ, ఎకానమీ. గ్రూప్స్‌కో సివిల్స్‌కో తయారయ్యేవాళ్లకు రోజుకు ఆరేడు గంటలు మామూలే. సరదాగా పాటలు వినేవాళ్ల చెవులకన్నా చదువుకునేవాళ్ల చెవులకే ఇక్కడ పని ఎక్కువ.

వాళ్లు అడిగేది ఒకటే: వెయ్యి, పదిహేను వందల్లో మంచి సౌండు ఇచ్చేది ఏది? జవాబు ఉంది, చెప్తాను. కానీ ముందు రోడ్డు సంగతి మాట్లాడుకోవాలి. ఈ పేటల్లో చెవికి ముప్పు తెచ్చేది చాలావరకు ఇయర్‌ఫోన్ కాదు, బయటి మోతను మించి వినాలని మనం పెంచే వాల్యూమ్.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర సాయంత్రం ఆరింటికి నిలబడితే కింద బస్సులు, ఆటోలు, ఎటు చూసినా హారన్లు, పైన మెట్రో, 2023 ఆగస్టులో మొదలైన ఇందిరా పార్కు–వీఎస్టీ స్టీల్ బ్రిడ్జి మీద మరో వరస బండ్లు. దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పగటిపూట నివాస ప్రాంతంలో 55 డెసిబెల్‌లు, వ్యాపార ప్రాంతంలో 65 డెసిబెల్‌లు దాటకూడదు. రద్దీ రోడ్డు పక్కన 75 నుంచి 85 దాకా ఉండటం మన నగరాల్లో మామూలు. ఏ పాటైనా, పాఠమైనా స్పష్టంగా వినపడాలంటే చుట్టూ ఉన్న మోతకన్నా కొంత పైన ఉండాలి. బయట 78 ఉంటే మన వేలు వాల్యూమ్‌ను 85కో 90కో తోసేస్తుంది. తోసినట్టు కూడా మనకు తెలియదు, ఎందుకంటే ఆ మోతలో అది గట్టిగా అనిపించదు. గదికి వచ్చి, తలుపు వేసుకుని అదే పాట పెట్టాక ఉలిక్కిపడి తగ్గిస్తామే, అప్పుడు తెలుస్తుంది అంతదాకా ఎంత గట్టిగా విన్నామో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం ఈ లెక్కను సులువు చేసింది. పెద్దవాళ్లకు 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు. అది చెవికి వారం రేషన్ అనుకోండి. డెసిబెల్‌లు 3 పెరిగినప్పుడల్లా చెవిలోకి వెళ్లే శక్తి రెట్టింపు అవుతుంది కాబట్టి గంటలు సగానికి పడిపోతాయి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర. రోజుకు ఆరు గంటల చొప్పున వారమంతా వినే విద్యార్థికి 42 గంటలు అవుతాయి. అంటే అతను 80 దగ్గరే ఆగినా రేషన్ కొద్దిగా దాటుతుంది. రోడ్డు మోతలో 89కి పోతే వారం కోటా ఒక్క రోజులో అయిపోతుంది. పిల్లలకు ప్రమాణం ఇంకా కఠినం: 75 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు. పన్నెండు నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య వయసువాళ్లలో వంద కోట్లకు పైగా జనం ఇలాంటి వినికిడి అలవాట్లతో ముప్పు అంచున ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే లెక్కగట్టింది.

ఆ ముప్పు లోపల ఎక్కడ పడుతుందో తెలిస్తే కొనేటప్పుడు చెయ్యి సరైన వస్తువు మీదికి వెళ్తుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో పుట్టుకతో సుమారు 15 వేల కేశకణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడి సంకేతంగా మార్చే పని వాటిదే. మనిషిలో అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పెద్ద శబ్దం ముందుగా దెబ్బతీసేది 3,000 నుంచి 6,000 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న భాగాన్ని, అందులోనూ 4,000 దగ్గర ఎక్కువగా. మాటలో అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది. స, శ, త, క, ఫ లాంటి హల్లుల స్పష్టత పైస్థాయిలో ఉంటుంది. అందుకే ఇలా వినికిడి తగ్గినవాళ్లు డాక్టరు దగ్గరికి వచ్చి చెవుడు వచ్చిందని చెప్పరు. ‘వినపడుతోంది సార్, కానీ ఏమంటున్నారో అర్థం కావట్లేదు’ అంటారు. నలుగురు మాట్లాడుకునే చోట ఇది ముందు బయటపడుతుంది. ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చోవాల్సిన పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు.

ఇక కొనడం సంగతి. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి కోఠి గుజరాతీ గల్లీ వైపు నడిస్తే ఏ కొట్టు ముందైనా వినిపించే సంభాషణ ఇది:

‘అన్నా, బాస్ ఎట్లుంటది దీంట్ల?’

‘మస్తుంటది తమ్మీ, విని చూడు.’

ఆ విని చూడటంలో చాలామంది పెట్టెలో ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచిని పట్టించుకోరు. అందులో రబ్బరు టిప్పులు ఉంటాయి: చిన్నవి ఒక జత, పెద్దవి ఒక జత. ఇయర్‌ఫోన్‌కు ముందే తగిలించి ఉండేది మధ్యరకం. మొత్తం వస్తువులో చెవిని కాపాడేది, సౌండును నిలబెట్టేది ఆ రబ్బరు ముక్కే అంటాను. అది చెవి రంధ్రాన్ని సందు లేకుండా మూస్తే బయటి మోత 15 నుంచి 25 డెసిబెల్‌ల దాకా తగ్గుతుంది. 78 డెసిబెల్‌ల రోడ్డు చెవిలోకి వచ్చేసరికి 58, 60 అవుతుంది. అప్పుడు 68, 70 దగ్గరే పాఠం హాయిగా వినపడుతుంది. 90తో పోలిస్తే 70 అంటే చెవిలోకి వెళ్లే శక్తి వందో వంతు. ఇంత తేడా తెచ్చే ముక్కకు విడిగా కొన్నా పెద్ద ఖర్చు ఉండదు.

రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే మోత లోపలికి రావడమే కాదు, పాటలో బాస్ సందుల్లోంచి బయటికి పోతుంది. కొన్నవాళ్లు ‘ఇందులో బాస్ లేదు’ అని తిట్టుకుని ఈక్వలైజర్‌లో బాస్ పెంచి, దాని మీద వాల్యూమ్ పెంచుతారు. చాలాసార్లు తప్పు ఇయర్‌ఫోన్‌ది కాదు, టిప్పు సైజుది. చూసుకోవడం తేలిక. ఒక చేత్తో చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో ఇయర్‌ఫోన్ పెట్టి వదలండి. పాట నడుస్తుండగా వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బాస్ ఒక్కసారి పెరిగితే టిప్పు మూయడం లేదన్నట్టు. పెద్ద సైజు వేయండి. పెద్దది వేస్తే నొప్పి పుడితే ఫోమ్ టిప్పులు దొరుకుతాయి, వేళ్ల మధ్య నలిపి పెడితే లోపల ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటాయి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. కుడి చెవికి మధ్యరకం, ఎడమకు పెద్దది అయితే అలాగే వేసుకోండి.

రబ్బరు లేకుండా చెవి గుమ్మంలో ఊరికే తగిలించుకునే రకం బడ్స్ ఉన్నాయి. చెవికి తేలికగా ఉంటాయి, గదిలో ఫోన్ మాట్లాడటానికి బాగుంటాయి. నారాయణగూడ చౌరస్తాకు మాత్రం అవి పనికిరావు. మోత మొత్తం లోపలికి వస్తుంది, వాల్యూమ్ మొత్తం పైకి పోతుంది.

నాయిస్ క్యాన్సలేషన్ గురించి కూడా అడుగుతారు. మైకుతో బయటి శబ్దాన్ని పట్టి, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి రద్దు చేసే పద్ధతి అది. ఫ్యాను హోరు, బస్సు ఇంజిన్ గురగుర, ఏసీ మోత లాంటి ఒకే తీరున సాగే కింది శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. హారను మీద, పక్కమంచం స్నేహితుడి మాటల మీద అంతగా పనిచేయదు. వాటిని ఆపేది మళ్లీ ఆ రబ్బరే. రెండు వేల లోపు బడ్స్‌లో ఈ సౌకర్యం ఉందని పెట్టె మీద రాసి ఉన్నా దాని కోసమే డబ్బు పెంచి పెట్టడం నాకు సమ్మతం కాదు. రోజూ గంటలకొద్దీ బస్సులోనో మెట్రోలోనో తిరిగేవాళ్లకు, కొంచెం ఖర్చు పెట్టగలిగేవాళ్లకు మాత్రం అది నిజంగా చెవిని కాపాడే సాధనం.

హాస్టల్‌లో కూర్చుని చదివేవాళ్లకు నా సలహా వైరు ఉన్నదే. బ్లూటూత్ బడ్స్‌లో డబ్బులో కొంత బ్యాటరీకి, చిప్‌కు, కేసుకు పోతుంది. రెండు మూడేళ్లలో బ్యాటరీ చతికిలబడితే ఆ చిన్న బ్యాటరీని మార్చడం దాదాపు కుదరదు. వైరుదానికి ఆ ఖర్చంతా సౌండుకే పోతుంది, పన్నెండు గంటలు విన్నా చార్జింగ్ గొడవ లేదు. జేబీఎల్ సీ100ఎస్ఐ, సోనీ ఎండీఆర్-ఈఎక్స్14ఏపీ లాంటివి వెయ్యి లోపు ఏళ్ల తరబడి అమ్ముడవుతున్న రకాలు. రెండూ రబ్బరు టిప్పువే. రెండు వేల దాకా పెట్టగలిగితే చైనా కంపెనీల ఇయర్‌ఫోన్లు చాలా వచ్చాయి, వాటిలో కొన్నిటికి వైరు విడదీసి మార్చుకునే వీలుంది. వైరు తెగితే అప్పుడు కొత్త వైరు ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది. మీ ఫోన్‌కు గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సీ పిన్ను ఉన్నదే తీసుకోండి, లేదా టైప్-సీ కన్వర్టర్ తీసుకుని కొట్లోనే మీ ఫోన్‌కు పెట్టి చూడండి. కొన్ని కన్వర్టర్లు కొన్ని ఫోన్లకు పలకవు.

పెట్టె మీది అంకెల్లో చాలావాటికి బెదరనవసరం లేదు. ‘20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్’ అని చాలా పెట్టెల మీద ఉంటుంది. ఆ మధ్యలో ఏ భాగం ఎంత పెరుగుతుందో తగ్గుతుందో చెప్పదు కాబట్టి దాంతో ఏమీ తేలదు. డ్రైవర్ 10 మిల్లీమీటర్లా, 13 మిల్లీమీటర్లా అన్నదీ అంతే. 16, 32 ఓమ్‌లు అని ఉంటే ఫోన్ సులువుగా నడపగలదని అర్థం. సెన్సిటివిటీ అంకె ఎక్కువగా ఉంటే అదే వాల్యూమ్ మెట్టు దగ్గర ఎక్కువ గట్టిగా పలుకుతుంది, నాణ్యత ఎక్కువని కాదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ‘60 శాతం వాల్యూమ్, 60 నిమిషాలు’ అన్న సలహా మంచిదే, కానీ సెన్సిటివిటీ బాగా ఎక్కువున్నదానికి 60 శాతం కూడా చాలా గట్టిదే కావచ్చు.

మంచి సౌండు అంటే ఏమిటో చెవికి తెలియాలంటే ఒక సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో హాలు మధ్యలో కూర్చుని కచేరీ వినండి. గొంతు ముందుంటుంది, వయొలిన్ దాని పక్కన ఉంటుంది, మృదంగం రెండింటినీ మోస్తుంది. ఏదీ ఇంకోదాన్ని మింగదు. ఇయర్‌ఫోన్‌లో వెతకాల్సింది ఆ సమతూకమే. మీకు నోటికి వచ్చిన పాట ఒకటి ఫోన్‌లో దింపుకుని కొట్టుకు తీసుకెళ్లండి, వాల్యూమ్ సగానికి తక్కువ పెట్టి వినండి. తక్కువలోనే మాటలన్నీ విడివిడిగా వినపడుతున్నాయా? మృదంగమో తబలానో ‘గుమ్’ అన్నాక ఆగుతోందా, లేక పాటంతా అలుముకుంటోందా? స, ష వచ్చినప్పుడు చెవిలో సూదిలా గుచ్చుతోందా? చిన్న వాల్యూమ్‌లో తృప్తినిచ్చేదే మంచి ఇయర్‌ఫోన్. పెంచితే తప్ప బాగుండదనిపించేది ఎంత చవకైనా చెవికి ఖరీదైనదే. ఘంటసాల కాలపు సినిమా పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవి కాబట్టి, పాత పాటలే ఎక్కువగా వినేవాళ్లు ‘సరౌండ్’, ‘త్రీడీ’ అన్న మాటలకు అదనంగా రూపాయి కూడా పెట్టనక్కర్లేదు.

బాస్ విషయం మాత్రం పాఠాలు వినేవాళ్లు పట్టించుకోవాలి. కింది శబ్దం బలంగా ఉంటే అది పై శబ్దాన్ని కప్పేస్తుంది; చెవి నిర్మాణమే అలాంటిది. బాస్ మరీ పెంచి తయారుచేసిన ఇయర్‌ఫోన్‌లో సినిమా పాట దుమ్ము రేపుతుంది, మాస్టారి గొంతులో హల్లులు మాత్రం మసకబారతాయి. దానికి తోడు చాలా రికార్డెడ్ క్లాసుల్లో ఫ్యాను హోరు, గది ప్రతిధ్వని కలిసి ఉంటాయి. విద్యార్థి చేసేది వాల్యూమ్ పెంచడం. చెయ్యాల్సింది ఫోన్ ఈక్వలైజర్‌లో ఎడమవైపు పట్టీలు కొంచెం దించి, 2,000–4,000 హెర్ట్జ్‌ల పట్టీ ఒక్క పిసరు ఎత్తడం. ఒకసారి చేసి చూడండి, వాల్యూమ్ రెండు మూడు మెట్లు దించినా మాట ముందుకన్నా తేటగా వస్తుంది.

ఒంటి చెవికి పెట్టుకుని వినే అలవాటు ఈ పేటల్లో విపరీతం, ఎవరైనా పిలిస్తే వినపడాలని. దాంతో రెండు చెవులు కలిసి విన్నప్పుడు దొరికే బలం పోతుంది, ఖాళీ చెవిలోంచి మోత వస్తుంది, కాబట్టి వాల్యూమ్ పెరుగుతుంది. ఆ భారమంతా ఒక్క చెవి మీదే పడుతుంది. గదిలో రెండూ పెట్టుకుని తక్కువలో వినడం మేలు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండూ తీసేయాలి. క్రాస్ రోడ్స్ దగ్గర హారను వినపడకపోతే చెవి సంగతి తర్వాత, ప్రాణం సంగతి ముందు.

వాల్యూమ్‌కు గీత ఎక్కడ గీసుకోవాలో చెప్పమంటే నేను చెప్పే పద్ధతి ఇది. రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాను ఆపి, పాఠం స్పష్టంగా వినపడే అతి తక్కువ మెట్టు ఏదో చూసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మొత్తం 15 మెట్లు ఉంటాయి. మీది ఐదో ఆరో కావచ్చు. బయటికి వెళ్లినా దానిమీద రెండు మెట్లకు మించకూడదని పెట్టుకోండి. అంతలో వినపడకపోతే ఆ చోట వినడం మానేయాలి, లేదా టిప్పు మార్చాలి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ‘హెడ్‌ఫోన్ సేఫ్టీ’ అన్నచోట పెద్ద శబ్దాలకు హద్దు పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ 14 నుంచి వారం మోతాదును లెక్కించి హెచ్చరించే ఏర్పాటు కూడా వచ్చింది. ఆ హెచ్చరిక వస్తే విసుక్కుని తీసేయకండి.

నిశ్శబ్దం కోసమే ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట నడిపేవాళ్లకు ఇంకా చవకైన దారి ఉంది. మెడికల్ షాపుల్లో ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి, జత కొన్ని పదుల రూపాయలు. నలుగురుండే గదిలో, గ్రంథాలయంలో, చదివేటప్పుడు అవి పెట్టుకుంటే మోత తగ్గుతుంది, చెవికి పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. పాట మీద పాట వేసి మాటలను మూయడంకన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

నకిలీల గురించి ఒక మాట. పెద్ద కంపెనీ పేరు, వందో నూట యాభయ్యో ధర కలిసి కనిపిస్తే అది ఆ కంపెనీది కాదు. బిల్లు అడగండి, వారంటీ ఎవరు ఇస్తారో అడగండి. వైర్‌లెస్ వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘ఆర్’తో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అది విద్యుత్ భద్రతకు సంబంధించిన గుర్తు, సౌండుకు కాదు. అయినా చెవిలో బ్యాటరీ పెట్టుకుంటున్నప్పుడు ఆ భద్రత కావాలి కదా.

కొన్నాక టిప్పు తీసి దాని వెనక ఉన్న సన్నటి జాలీ చూడటం అలవాటు చేసుకోండి. గులిమి పేరుకుని ఆ రంధ్రాలు మూసుకుపోతే ఒక పక్క సౌండు తగ్గుతుంది, మనం పాడైందనుకుని వాల్యూమ్ పెంచుతాం, రెండో చెవి దెబ్బతింటుంది. పొడి మెత్తటి బ్రష్‌తో జాలీని కిందికి తిప్పి దులపండి, రబ్బరును సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే తగిలించండి. గదిలో నలుగురూ ఒకే ఇయర్‌ఫోన్ వాడుకోవద్దు. రోజంతా మూసి ఉంచిన చెవిలో చెమట, తేమ నిలిచి ఫంగస్ పట్టడం మన వాతావరణంలో సాధారణం. దురద పుట్టిందని పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి తిప్పితే అది ముదురుతుంది.

పెద్ద శబ్దం విన్నాక చెవిలో గుయ్యిమని హోరు, దూది పెట్టినట్టు దిమ్ము ఉంటే ఆ రోజుకు ఇయర్‌ఫోన్ పక్కన పెట్టండి. మర్నాటికీ తగ్గకపోయినా, గుంపులో మాట అర్థం కావడం కష్టమవుతున్నా ఆడియోమెట్రీ చేయించుకోవాలి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వెళ్లే మెట్రో లైన్ మీద ఒకవైపు గాంధీ ఆసుపత్రి, ఇంకోవైపు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్‌గా పనిచేసిన హైదరాబాదీ పేరు మీద నడిచే సంస్థ అది, వినికిడి పరీక్షలు అక్కడా చేస్తారు. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒక్క రాత్రిలోనో వినపడటం తగ్గిపోతే మాత్రం గులిమి అనుకుని నూనె చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి. దాని చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత ఫలితం ఉంటుంది, కాబట్టి ఆ రోజే, కుదరకపోతే మర్నాడే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.